బొట్టు పెట్టని ఇళ్ళు

మధ్యాహ్నం అన్నం తిన్నాక కళ్ళు మూతపడితే నాకు ఇప్పటికీ ఒక నడక వస్తుంది. దాన్ని కల అనాలో, జ్ఞాపకం అనాలో తెలియదు. పొద్దున మంచు ఇంకా విడవలేదు. గోదావరి దిక్కు నుంచి చల్లటి గాలి వస్తోంది. నా చేతిలో కుంకుమ బరిణె ఉంది. పక్కన ఓదెమ్మ రిజిస్టరు చంకలో పెట్టుకుని నడుస్తోంది. ఇంటింటికీ ఆగుతున్నాం. కొన్ని ఇళ్ళ ముందు మాత్రం ఆగకుండా పోతున్నాం. ఎందుకు ఆగడం లేదని అడుగుదామని నోరు తెరిచేసరికి మెలకువ వస్తుంది. జనగామలో మా ఇంటి ఫ్యాను తిరుగుతూ ఉంటుంది.

నేను పల్లె దవాఖానల్లో సిస్టరుగా చేరి, సూపర్‌వైజరుగా రిటైరై దిగిపోయినదాన్ని. మహబూబాబాద్ దిక్కు మొదలుపెట్టి, నడుమ జనగామలో కొన్నాళ్ళు చేసి, చివరి ఏళ్ళు భూపాలపల్లి జిల్లాలో గడిపాను. ప్రమోషన్లు, బదిలీలు, మెమోలు అందరికీ ఉంటాయి, వాటిని రాసి మిమ్మల్ని విసిగించను. ఈమధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు ఇద్దరు ఇంటికొచ్చి, "మేడం, క్యాన్సర్ పరీక్షలకు ఆడోళ్ళు రారు, ఎట్ల తెచ్చిన్రు మీరు?" అని అడిగారు. ఎట్లా తెచ్చానో చెప్పడం సులువే. ఎవరిని తేలేదో చెప్పడం కష్టం. ఇది ఆ రెండోదాని గురించి.

బ్యానరు కింద ఎవరూ నిలబడలేదు

పైనుంచి కొత్త పద్ధతి వచ్చిన రోజులవి. అంతవరకూ మా పనంతా కాన్పులు, టీకాలు, జ్వరాలే. ఇకమీదట ముప్పై దాటిన ప్రతి ఆడమనిషికీ నోరు, రొమ్ము, గర్భసంచి మూతి పరీక్ష చేయాలి, రోగం ముదిరాక పట్నం పంపడం కాదు, రాకముందే పట్టుకోవాలి అన్నారు. నేను ఉద్యోగంలో చూసిన మంచి మార్పుల్లో అది మొదటిది అని ఇప్పటికీ అంటాను. అంతకుముందు క్యాన్సర్ అంటే మాకు ఒకటే తెలుసు. పొలం అమ్ముకుని పట్నం పోయేవాళ్ళు, నెలల తర్వాత ఊరికి తిరిగొచ్చే అంబులెన్సు.

గర్భసంచి పరీక్ష చాలా చిన్నది. సిర్కాలాంటి, అంటే వెనిగర్ లాంటి, మందులో దూది ముంచి లోపల మూతి మీద అద్ది, ఒక్క నిమిషం ఆగాలి. అనుమానం ఉన్నచోట తెల్లగా తేలుతుంది. అది రోగం కాదు, రోగం కాబోయే చోటు. క్యాన్సర్‌గా మారడానికి దానికి ఏళ్ళు పడుతుంది. అప్పుడే చూస్తే చిన్న వైద్యంతో పోతుంది, అదే రోజు ఇంటికి పోయి కూర వండుకోవచ్చు. ఇంత సులువైన దానికి ఆడవాళ్ళు ఎగబడి వస్తారని నేను అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మొదటి క్యాంపు మహదేవపూర్ దిక్కు గోదావరి ఒడ్డు ఊళ్ళో. ఊరి పేరు రాయను. పైనుంచి వచ్చిన బ్యానరు కట్టాం, దాని మీద పుండుపడిన నోటి బొమ్మ, పెద్ద అక్షరాల్లో క్యాన్సర్ అన్న మాట. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాం. ఈగలు వచ్చాయి, రెండు మేకలు వచ్చాయి. నాలుగు గంటలకు ఒక ముసలమ్మ వస్తే సంతోషపడి లేచాను. ఆమె మోకాళ్ళ నొప్పులకు గోలీలు అడగడానికి వచ్చింది.

ఆ ఊరి ఆశ వర్కరే ఓదెమ్మ. అప్పటికి యాభైకి దగ్గర్లో ఉంది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో నములుతున్నట్టు మాట్లాడేది. మొగుడు పాముకాటుకు పోతే చిన్న వయసులోనే ఒంటరిదైంది. ఒక్క బిడ్డ రజితను పెంచి పెండ్లి చేసింది. ఊళ్ళో ఎవరి కాన్పు ఎప్పుడో, ఎవరికి ఎవరితో మాటల్లేవో అన్నీ ఆమె నోటిమీదే ఉండేవి. సాయంత్రం బ్యానరు విప్పుతూ నేను గొణుక్కుంటుంటే అన్నది:

"ఎవలొస్తరు సిస్టరమ్మా? గా బొమ్మ కింద నిలవడ్డ ఆడిదాన్ని సూస్తె ఊరేమనుకుంటది? దీనికి గా రోగమున్నదట అంటది. ఇంట్ల పిల్ల ఉంటె సంబంధం గూడ తప్పిపోతది."

"మరి ఎట్లనే? డప్పు కొట్టించాల్నా?"

"డప్పు కొడితె మొగోళ్ళొస్తరు. ఆడోళ్ళు బొట్టు పెట్టి పిలిస్తె వస్తరు."

కుంకుమ బరిణె

ఆమె మాట మీద నాకు ఒక ఆలోచన వచ్చింది. మన దిక్కు పెండ్లయినా, పోచమ్మ బోనాలైనా, ఆడమనిషి ఇంటికొచ్చి నుదుట బొట్టు పెట్టి "రావాలె" అంటే అది పిలుపు. నోటితో చెబితే కబురు మాత్రమే. కబురుకు పోతే పిలవని పేరంటం అంటారు. సరే, పరీక్షను పేరంటం చేద్దాం అనుకున్నాను.

జాకెట్ ముక్కలు, ఖర్చులు ఏమీ పెట్టలేదు. ఒక కుంకుమ బరిణె, నానబెట్టిన శనగలు, అంతే. ముందురోజు పొద్దున్నే నేనూ ఓదెమ్మా బయలుదేరేవాళ్ళం. మంచులో ఊరు సగమే కనిపించేది. వాకిళ్ళు ఊడుస్తున్న చప్పుడు, పొయ్యి పొగ, ఎక్కడో కోళ్ళు. నేను గడప దాటి లోపలికి పోయి బొట్టు పెట్టి, "రేపు మన దవాఖానల ఆడోళ్ళ పరీక్ష. మొగోళ్ళు ఒక్కలు గూడ ఉండరు. తప్పక రావాలె" అనేదాన్ని. ఓదెమ్మ గడప అవతలే నిలబడేది. రిజిస్టరు తెరిచి పేరు చెప్పేది, నేను టిక్కు పెట్టేదాన్ని.

మరునాడు చూడాలి. తలంటు పోసుకుని, పూలు పెట్టుకుని, పెట్టెలోంచి తీసిన చీరలు కట్టుకుని వచ్చారు. దవాఖాన వరండా అంతా మల్లెల వాసన. ఒకామె లోపలికి పోయి వచ్చి, "గింతేనా, దీనికేనా నెలరోజుల సంది బుగులు పడ్డది?" అని తోటికోడలిని నవ్వించింది. ఆ తోటికోడలు వెంటనే లేచి లోపలికి వచ్చింది. నవ్వే పని చేసింది, నా ఉపన్యాసం కాదు. బల్ల మీద పడుకున్న ప్రతి ఆడమనిషికీ నేను ఒకటే మాట చెప్పేదాన్ని. "ఒక్క నిమిషమే అమ్మా." వాళ్ళు పైకప్పు చూస్తూ పడుకునేవాళ్ళు. నేను గోడ గడియారం చూసేదాన్ని. ఆ నిమిషంలో గదిలో మందు వాసన, బయట శనగలు నములుతున్న చప్పుడు, నాకు ఎంతో హాయిగా ఉండేది.

అనుమానం ఉన్న ఒకరిద్దరిని పైకి పంపాం, చిన్న వైద్యంతో తిరిగొచ్చారు. వాళ్ళలో ఒకామె దారిలో ఎదురైనప్పుడల్లా బండి ఆపి నన్ను ఎక్కించుకోమని మొగుణ్ణి పోరు పెట్టేది. ఉద్యోగంలో అట్లాంటి గౌరవం దొరికితే మనిషికి కొంచెం తలకెక్కుతుంది. నాకూ ఎక్కింది.

ఈ సంగతి ప్రోగ్రాం చూసే పెద్దసారుకు తెలిసింది. ఆయన మంచివాడే, పని తెలిసినవాడు, పొద్దున ఎనిమిదికే ఆఫీసులో ఉండేవాడు. అయితే ఏదైనా నచ్చితే దాన్ని వెంటనే ఉత్తర్వు చేసేయాలనే ఆత్రం ఆయనది. నన్ను పిలిచి శాలువా కప్పి, "బొట్టు పిలుపు" అని ఈ పద్ధతికి పేరు పెట్టాడు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి సిస్టర్లందరికీ శిక్షణలో నాచేత చెప్పించాడు. నేను మైకు ముందు నిలబడి బరిణె ఎత్తి చూపించాను. బయ్యారం దిక్కు నుంచి వచ్చిన ఒక సిస్టరు లేచి, "బొట్టు లేనోళ్ళను ఎట్ల పిలువాలె మేడం?" అని అడిగింది. ముస్లింల గురించి, క్రైస్తవుల గురించి అడుగుతోందనుకున్నాను. "వాళ్ళకు నోటితో చెప్పండి, వస్తారు" అన్నాను. అందరూ రాసుకున్నారు.

ఆ ప్రశ్న నా దగ్గరికి నడిచి వచ్చింది. నేను దానికి కుర్చీ కూడా వేయలేదు.

తునికాకు రోజులు

ఎండాకాలం వచ్చింది. ఆ దిక్కు ఎండాకాలమంటే బీడీలు చుట్టే తునికాకు. తెల్లారకముందే అడవికి పోయి ఆకు తెంపి, పొద్దెక్కేసరికి చెట్ల నీడలో కూర్చుని కట్టలు కడతారు. సాయంత్రం ఆకు కొనే కల్లానికి మోస్తారు. ఇళ్ళల్లో ఎవరూ దొరకరు కనుక నేనే చెట్ల కిందికి పోయేదాన్ని. ఎండిన ఆకు వాసనకు, ఎండకు కళ్ళు బరువెక్కేవి. ఆడవాళ్ళ వేళ్ళు మాత్రం వాటంతట అవే ఆకు మీద ఆకు పేర్చేవి. ఆ చప్పుడు వింటూ కూర్చుంటే లోకంలో ఏ రోగమూ లేదనిపించేది.

ఓదెమ్మ కూడా బిడ్డ ఇంటివాళ్ళతో కలిసి ఆకు కడుతోంది. నన్ను చూసి నీళ్ళిద్దామని లేచింది. పక్కనున్న ఆమె గబుక్కున తన కొంగు తీసి ఓదెమ్మ వెనక అడ్డం పెట్టింది. నేను చూశాను. చీర మీద మరక ఉంది.

ఆమెను అందరికీ దూరంగా పక్కకు తీసుకుపోయాను.

"నీకింకా ముట్టు అవుతున్నదా?"

"ఆగి మూడేండ్లాయె."

"మరి గిదేంది?"

"అప్పుడప్పుడైతది. వేడి. ఎండల తిరుగుతం గద."

నాకు కోపం వచ్చింది. భయం వేసినప్పుడు నాకు ముందు కోపమే వస్తుంది. అదొక జబ్బు నాకు. "ఊరందరికీ నువ్వే చెప్పినవు గదనే. ముట్టాగినంక రక్తం కనవడితే తెల్లారకముందే దవాఖానకు రావాలని నా పక్కన నిలవడి నువ్వే చెప్పినవు. నువ్వెందుకు రాలే?"

ఆమె కింద పడిన ఆకు ఒకటి తీసి, దుమ్ము దులిపి, చేతిలోని కట్టలో దోపింది.

"నన్ను పిలిచిన్రా సిస్టరమ్మా?"

"నిన్ను పిలుచుడేంది? నువ్వు నా పక్కనే ఉంటివి."

"పక్కనే ఉన్న. పిలిచిన్రా అని."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. వాన పడిందా అని అడిగినట్టు అడిగింది. నాకు మంచులో నడిచిన పొద్దులన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. నేను ముత్తైదువను కనుక గడప లోపలికి పోయాను. ఆమె బొట్టు లేని మనిషి కనుక శుభం పిలుపుకు అడ్డం రాకూడదని గడప అవతల నిలబడింది. అది మర్యాద అనుకున్నానే తప్ప ఎందుకని అడగలేదు. కొన్ని ఇళ్ళ దగ్గర "గిది వద్దు సిస్టరమ్మా, ముంగటికి పోదం" అనేది. వీధిలోంచే, "అవ్వా, రేపు దవాఖాన కాడ పరీక్షున్నది, వీలైతె రా" అని కేకవేసేది. నేను రిజిస్టరులో టిక్కు పెట్టేదాన్ని. పక్కింట్లో బొట్టు పెట్టి, తన ఇంటి ముందు కేకవేసి పోతే, అది రమ్మని చెప్పడం కాదని ఊళ్ళో ప్రతి ఒంటరి ఆడదానికీ తెలుసు. పరీక్షను పేరంటం చేసింది నేనే. పేరంటానికి విధవలు రారు. అంత సులువైన లెక్క నాకు తట్టలేదు.

మీరు అడగవచ్చు, ఓదెమ్మ చదువుకున్నది, శిక్షణ తీసుకున్నది, ఆమెకైనా తెలియదా అని. తెలుసు. తెలియడం వేరు, తనదాకా వస్తే కదలడం వేరు. ముప్పై ఏళ్ళుగా ప్రతి శుభానికీ పక్కకు జరిగిన మనిషికి, ఇది శుభం కాదు, పరీక్ష అని ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని చెప్పాలి.

తెల్లగా తేలింది

ఆ రోజే దవాఖానకు తీసుకుపోయాను. తాళం నేనే తీశాను. ఎప్పుడూ వరండాలో చీటీలు పంచే మనిషి బల్ల మీద పడుకుంది. మందు అద్దాను. "ఒక్క నిమిషమే ఓదెమ్మా" అన్నాను. ఆమె పైకప్పు చూస్తూ, "గీడ బల్లి ఉన్నది, ఎన్నడూ సూడలే" అన్నది.

నిమిషం అవసరం లేకపోయింది. తెల్లగా తేలింది, దూది తాకితేనే రక్తం వచ్చింది. నాకు తెలిసిపోయింది. ఇన్నేళ్ళలో నేను నేర్చుకున్నది ఒకటుంది, అప్పుడు "ఏం లేదు" అనకూడదు. ఏడవకూడదు కూడా. "ఇక్కడ నాకు నచ్చనిది కనవడ్డది. రేపు పొద్దున బస్సుకు నేను నీతోటి వస్త" అన్నాను.

"వస్తవా?" అన్నది. అంతే అడిగింది.

వరంగల్‌లో ముక్క తీసి పరీక్ష చేశారు. రోగమే. ఉన్నచోటు దాటింది కాని దూరం పోలేదు, కరెంటు పెడితే, అంటే రేడియేషన్ ఇస్తే, ఆశ ఉంది అన్నారు. పట్నంలో వారాల తరబడి ఉండాలి. సర్కారు కార్డు ఉంది కనుక వైద్యం నడిచింది, తోడు ఆమె బిడ్డ పోయింది. బస్సు ఎక్కేముందు ఓదెమ్మ తన చంకలోని రిజిస్టరు తీసి నా చేతికిచ్చింది. "నేనొచ్చేదాక మంచిగ పెట్టు. మూలకు పడేసి తడవనియ్యకు" అన్నది. బతుకుతానా అని నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. నేను మాత్రం తిరిగొచ్చే దారంతా నన్ను నేను అదే అడిగాను.

రిజిస్టరులో టిక్కులు

ఆమె లేని ఊళ్ళో ఒక్కదాన్నే నడిచాను. ఈసారి బరిణె లేదు. టిక్కు పెట్టిన పేర్లలో పరీక్షకు రానివాళ్ళను ఏరుకుని, ఆ ఇళ్ళకే పోయాను. మొగుడు పోయినవాళ్ళు, మొగుడు వదిలేసినవాళ్ళు, పెండ్లి కాక మిగిలినవాళ్ళు. అందరికీ నా టిక్కు ఉంది. ఒక్కరికీ నా పిలుపు లేదు.

ఊరి చివర మల్లవ్వ ఇల్లు. ఆమె మంచంలో ఉంది. కోడలు వాసన పోవడానికి ఊదుబత్తీలు వెలిగించి పెట్టింది. నాకు ఆ వాసన వెనక ఉన్న వాసన తెలుసు. పక్కన కూర్చున్నాను. ఏడాది నుంచి తెల్లబట్ట, ఆ తర్వాత రక్తం, ఆ తర్వాత నడుము నొప్పి అని కోడలు చెప్పింది.

"అవ్వా, మొన్న మనం పరీక్ష పెట్టినప్పుడు రాకపోతివి" అన్నాను. అనకూడని మాట. తప్పు ఆమె మీదికి నెట్టే మాట.

మల్లవ్వ నా చేతిని నిమిరింది. "పిలిస్తె రాకపోదునా బిడ్డ" అన్నది.

వానలు తగ్గకముందే ఆమె పోయింది. నేను చంపానని అనను. క్యాన్సర్ చంపింది. కాని ఆ క్యాంపు రోజున ఆమె వాకిట్లో కూర్చుని, పూలు పెట్టుకుని పోతున్న ఆడవాళ్ళను చూసి ఉంటుంది. ఆ రోజున ఆమె వచ్చి ఉంటే ఎంతో కొంత చేయగలిగేవాళ్ళం. నా శాలువా ఇప్పటికీ బీరువాలో ఉంది, ఒక్కసారి కూడా కప్పుకోలేదు.

పెద్దసారు దగ్గరికి పోయాను. మూడు జిల్లాల్లో నడుస్తున్న పద్ధతిని, నా పేరుతో నడుస్తున్నదాన్ని, ఆపమని అడగడానికి. గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డాను. అబద్ధం ఎందుకు, నాకు నా పేరు మీద తీపి ఉంది.

ఆయన విన్నాడు. "అమ్మా, మంచిగా నడుస్తున్నదాన్ని ఎందుకు చెడగొడతారు? నోటితో పిలవమని మీరే శిక్షణలో చెప్పారు కదా. అందరినీ పిలిచినట్టు రిజిస్టర్లలో ఉంది."

"రిజిస్టరులో ఉన్నది సార్. టిక్కు పెట్టింది నేనే. పిలువలేదు."

"అంటే తప్పుడు టిక్కులు పెట్టారా?"

"తప్పని తెల్వక పెట్టిన. ఇప్పుడు తెలిసింది. అందుకే వచ్చిన."

ఆయన కలం మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశాడు. ఆయనకు కోపం వచ్చిందని తెలుస్తూనే ఉంది. మల్లవ్వ సంగతి చెప్పాను. ఓదెమ్మ అడిగిన మాట చెప్పాను. కిటికీలోంచి వేపచెట్టు నీడ బల్ల మీద కదులుతోంది.

"మా అమ్మ," అన్నాడు చివరికి, "మా నాన్న పోయాక మా చెల్లె పెండ్లిలో వంటింట్లోనే కూచున్నది." కాగితం ముందుకు లాక్కుని, "బొట్టు తీసేస్తే దాని బదులు ఏం పెడదాం చెప్పండి. ఉత్త కబురుకు ఎవరూ రారని మీరే అన్నారు" అన్నాడు.

జవాబు పట్నంలో, కరెంటు పెట్టే గది బయట బల్ల మీద కూర్చుని ఉంది.

పేరు రాసిన చీటీ

ఆదివారం పోయి చూశాను. ఓదెమ్మ సగమైంది, మొహం నల్లబడింది. అయినా నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. సారు అడిగింది చెప్పాను. ఆమె ఆ కారిడారులో వచ్చేపోయే చక్రాల కుర్చీలను చూస్తూ కూర్చుంది.

"పేరు పెట్టి పిలువుండ్రి" అన్నది.

"పేరా?"

"గీడ లోపలికెల్లి నర్సు 'ఓదెమ్మా' అని పిలుస్తది సూడు, నాకు గమ్మతనిపిస్తది. మా ఊర్ల నేను ఫలానోని ముండనో, రజిత వాళ్ళవ్వనో, ఆశనో. మొగుడు పోయినంక పేరు పెట్టి పిలిచినోళ్ళు లేరు. చీటీ మీద పేరు రాసి, చేతిల పెట్టి, పిలువుండ్రి. అందరికీ ఒకటే తీరు చీటీ. అయితే మొదలు బొట్టు లేని ఇంటికెల్లి షురూ చెయ్యాలె. వాళ్ళు కదిలితె ఊరు కదులుతది. ఊరు కదిలినంక వాళ్ళను పిలిస్తె మిగిలిందాన్ని పెట్టినట్టుంటది."

సారు అదే మాటను ఉత్తర్వు భాషలోకి మార్చి పంపాడు. ఉత్తర్వులో ఓదెమ్మ పేరు లేదు, నా పేరూ లేదు. చాలా మంచి ఉత్తర్వు అది. నేను మళ్ళీ మూడు జిల్లాల సిస్టర్ల ముందు నిలబడి, మొదట చెప్పింది తప్పు అని చెప్పాను. బయ్యారం సిస్టరును లేపి, "నువ్వు అడిగినప్పుడు నాకు అర్థం కాలేదమ్మా" అన్నాను. చప్పట్లు కొట్టడానికి అది సరైన చోటో కాదో తెలియక సగంమంది కొట్టారు.

కొత్త పిల్లలకు ఇక్కడ ఒక మాట. మనం పంపే లెక్కలో వచ్చినవాళ్ళు ఉంటారు. లెక్క పెరిగిందని శాలువా కప్పుతారు. కప్పుకోండి, తప్పు లేదు. మరునాడు పొద్దున మాత్రం రానివాళ్ళ గడపకు పోండి. ఏ మంచి పద్ధతైనా ఎవరినో ఒకరిని బయట నిలబెడుతుంది. ఆ మనిషి తరచుగా మన పక్కనే, మన రిజిస్టరు మోస్తూ ఉంటుంది. రెండో మాట, మీరు పరీక్ష చేయించుకున్నారా? చేయించుకోలేదని నాకు తెలుసు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు నేనూ చేయించుకోలేదు.

ఓదెమ్మ తిరిగొచ్చింది. ఒంట్లో మునుపటి బలం లేదు. ఎండలో ఎక్కువసేపు నడవలేదు, కారం తినలేదు. అయినా ఊళ్ళో చీటీలన్నీ తన చేత్తోనే రాసేది. వంకర అక్షరాలు, పేరు కింద ఒక గీత. ఒక ముసలామె ఆ చీటీని పరీక్ష అయ్యాక కూడా దేవుడి పటం వెనక దాచుకుంది. అడిగితే, "నా పేరున్నది గద" అన్నది.

ఒక్క నిమిషం

నేను దిగిపోయిన ఏడాదిలోనే మా ఆయన పోయాడు. గుండె. కుర్చీలో పేపరు చదువుతూనే పోయాడు. పదో రోజున నాకు ఏమేం తీశారో అందరికీ తెలిసినవే, రాయను. తర్వాత కొన్ని నెలలు ఏం చేశానో నాకు సరిగా గుర్తులేదు. పొద్దున మధ్యాహ్నంలా ఉండేది, మధ్యాహ్నం కలలా ఉండేది. చుట్టాల ఇంట్లో పెండ్లి ఉందని ఫోనులో తెలిసింది. "వీలైతే రా అక్కా" అన్నారు. వీలైతే. ఆ మాట విని ఫోను పెట్టేశాక, మల్లవ్వ వాకిలి నాకు కనిపించింది.

ఆ చలికాలంలో ఒకరోజు పొద్దున్నే తలుపు చప్పుడైంది. తీస్తే ఓదెమ్మ. ఆరు నెలలకోసారి పట్నం పోయి చూపించుకుంటుంది, బస్సు జనగామ మీదుగానే పోతుంది. ఎప్పుడూ దిగలేదు, ఆ రోజు దిగింది. కూర్చోమన్నా కూర్చోలేదు. గడప అవతలే నిలబడి సంచీలోంచి చీటీ తీసి నా చేతిలో పెట్టింది. వంకర అక్షరాలు. సుగుణమ్మ. కింద ఒక గీత.

నన్ను సిస్టరమ్మా అనీ మేడం అనీ ఇన్నేళ్ళు పిలిచారు. నా పేరు ఆమెకు తెలుసనే నాకు తెలియదు.

"ఇదేందే?" అన్నాను.

"పిలుపు. బొట్టు లేని ఇంటికెల్లి షురూ చెయ్యాలె గద. లే, సుగుణమ్మా, పోదం పా."

"నాకేముంది ఇప్పుడు. నువ్వు పట్నం పోవాలె, ఆలస్యమైతది."

"పట్నం బస్సులు మస్తున్నయి." అప్పుడు ఆమె గడప దాటి లోపలికి వచ్చింది. మా ఇంట్లోకి మొదటిసారి. వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

మా వాడకట్టు దవాఖానలో ఒక చిన్నపిల్ల సిస్టరు ఉంది. నేను ఎవరో ఆమెకు తెలియదు, చెప్పవద్దని ఓదెమ్మకు సైగ చేశాను. బల్ల మీద పడుకున్నాను. రెక్సిన్ చల్లగా తగిలింది. ఎక్కడ మందు, ఎక్కడ దూది, ఆ పిల్ల చెయ్యి ఎప్పుడు ఎటు కదులుతుందో అన్నీ తెలుసు, అయినా కొంగు నోట్లో పెట్టుకున్నాను.

"ఒక్క నిమిషమే అమ్మా" అన్నది ఆ పిల్ల.

పైకప్పు చూశాను. పెచ్చు ఊడిన చోట గోదావరి ఇసుకదిబ్బలా ఒక ఆకారం. మంచు, వాకిళ్ళు ఊడ్చే చప్పుడు, తునికాకు వాసన. ఆగకుండా దాటిపోయిన ఇళ్ళన్నీ వచ్చాయి. ప్రతి ఇంటి ముందూ ఒకామె కూర్చుని ఉంది. మా ఆయన వచ్చాడు, పేపరు మడిచి నన్ను చూశాడు. గడియారం ముల్లు కదులుతోందో లేదో తెలియలేదు. ఎన్ని ఊళ్ళలో ఎంతమందికి నేను ఈ మాట చెప్పి గోడ గడియారం చూస్తూ హాయిగా నిలబడ్డాను. ఆ నిమిషం ఎంత పొడుగ్గా ఉంటుందో అప్పుడు నాకు తెలియదు. ఓదెమ్మ నా చెయ్యి వదల్లేదు.

"ఏం లేదమ్మా, మంచిగుంది. లేవండి" అన్నది ఆ పిల్ల. నాకు ఏడుపు వచ్చింది. మంచిగుందన్నందుకు కాదు. నన్నూ ఒకరు పిలిచినందుకు.

బయటికొచ్చి వరండాలో కూర్చున్నాం. ఓదెమ్మ నా చేతిలోంచి చీటీ తీసుకుని మడత విప్పి, సంచీలోంచి పెన్ను తీసి నాకిచ్చింది.

"ఇగ టిక్కు పెట్టు" అన్నది.

పెట్టాను.